కొక్కెం మార్చడానికి ఆరు వందలా?

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో తగాదాలు మామూలుగా రాజకీయాల మీద వస్తాయి. లేదంటే ఎవరి పెళ్లిలో ఎవరికి మర్యాద తక్కువైందన్న దాని మీద. ఈసారి ఒక గొలుసు కొక్కెం మీద వచ్చింది. మా పిన్ని కూతురి గొలుసు కొక్కెం విరిగితే, కొత్తది వేసి అతకడానికి కంసాలి ఆరు వందలు అడిగాడట. “ఆవగింజంత బంగారం కూడా పట్టదు, పది నిమిషాల పని, దానికి ఆరు వందలా?” అని ఆమె ఆవేశం. వెంటనే మరికొందరు తమ గోడు కలిపారు. జుంకా శీల బిగించడానికి నాలుగు వందలు. పలకసరులలో రెండు లంకెలు అతకడానికి పద్నాలుగు వందలు. చివరికి మా పెద్ద బావగారు తీర్పు చెప్పేశారు: “కంసాలి బుద్ధి ఎక్కడికి పోతుంది?”

ఆ ఆఖరి మాటకు జవాబు గ్రూపులో రాస్తే సరిపోదనిపించింది. ఉద్యోగంలో ఎక్కువ కాలం నేను ఒక బ్యాంకులో బంగారు రుణాల బల్ల దగ్గర కూర్చున్నాను. నగలను కట్టుకునేవాళ్ల కళ్లతోనే కాదు, తూచేవాళ్ల కళ్లతోనూ చూశాను. విరిగినవి, అతికినవి, అతికిన చోటే మళ్లీ విరిగినవి, పిన్నీసుతో సర్దుకున్నవి ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి.

నా వాదన ముందే చెప్పేస్తాను. నగల మరమ్మతు ధర పెరిగిందన్నది సగమే నిజం. మన అమ్మల కాలంలోనూ ఆ పనికి ధర ఉండేది. దాన్ని నోట్లలో కాక బంగారంలో, కంటికి ఆనకుండా చెల్లించేవాళ్లం. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. పూర్తి కూలి రూపాయల్లో ఇవ్వాల్సి వచ్చేసరికి గుండె గుభేలుమంటోంది. అదే మనం ఏసీ షోరూములో, మనిషి చెయ్యి పడని యంత్రపు గొలుసుకు తరుగు (పనిలో అరిగిపోయే బంగారం) పేరుతో వేలకు వేలు కట్టి, వాళ్లిచ్చే కూల్‌డ్రింకు తాగి సంతోషంగా బయటికి వస్తాం.

పాత పద్ధతి తెలియని వాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. ఇంట్లో బంగారం కంసాలికి ఇచ్చి నగ చేయించుకునే రోజుల్లో తులానికి ఇంత తరుగు అని ముందే మాట్లాడుకునేవారు. మజూరీ, అంటే చేతికూలి, వేరు. ఆ మజూరీ ఎప్పుడూ తక్కువే, బేరమాడి దాన్ని ఇంకా తగ్గించేవారు. ఆకురాయితో రాసినప్పుడు రాలిన రజను, తీగ కత్తిరించినప్పుడు మిగిలిన తునకలు, కుంపటి బూడిదలో కలిసిన రేణువులు తరుగు లెక్కలో పోయినట్టే, కానీ నిజానికి ఎక్కడికీ పోవు. వాటిని పోగుచేసి మూసలో వేసి కరిగిస్తే ఎంతో కొంత బంగారం తిరిగి వస్తుంది. కంసాలుల బజారుల్లో దుకాణం ఊడ్చిన దుమ్మును కొనుక్కుని, కడిగి, అందులో రేణువులు ఏరి బతికిన కుటుంబాలు ఉండేవి. దుమ్ముకు కూడా గిరాకీ ఉండేదంటే ఆ వృత్తిలో అసలు ఆదాయం ఎక్కడుందో అర్థమవుతుంది.

అతుకులో మరో వెసులుబాటు ఉండేది. అతికే లోహం నగ కంటే ముందు కరగాలి, లేకపోతే అతుకు పడేలోపు నగే కరిగిపోతుంది. అందుకని బంగారంలో వెండి, రాగి ఎక్కువ పాళ్లలో కలిపి టంకం తయారు చేసేవారు. నగ తూచినప్పుడు ఆ వెండీ రాగీ కూడా బంగారం ధరకే తూగేవి. 22 క్యారెట్లు, అంటే 91.6 శాతం బంగారం అని నమ్మి దాచుకున్న పాత నగ కరిగిస్తే 85 శాతమో అంతకంటే తక్కువో తేలడానికి చాలాసార్లు కారణం ఈ అతుకులే. నా బల్ల ముందు ఎందరో ఆడవాళ్లు ఆ అంకె విని “మా కంసాలి మోసం చేశాడు” అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కొందరి విషయంలో అది నిజమే అయ్యుంటుంది. ఎక్కువమంది విషయంలో మాత్రం అది వాళ్ల అత్తగారు బేరమాడి తగ్గించిన మజూరీ తాలూకు రెండో సగం.

తోబుట్టువు బంగారంలోనైనా కంసాలి చేతివాటం చూపకుండా ఉండడని సామెతలు పుట్టించిన జాతి మనది. కూలి సరిగ్గా ఇవ్వకుండా, ఆ లోటును తూకంలో పూడ్చుకోనిచ్చి, తర్వాత దాన్ని దొంగతనం అనడం మనకే చెల్లింది.

ఇక్కడ కేడీఎం గురించి ఒక మాట. మా తరం ఆడవాళ్లకు కేడీఎం అంటే మేలిమి బంగారానికి మారుపేరు. నిజానికి అది అతుకు పద్ధతి పేరు. వెండి, రాగి బదులు కాడ్మియం కొద్దిగా కలిపితే టంకం తక్కువ వేడికే కరుగుతుంది, బంగారం శాతం 92 దాకా నిలుస్తుంది. కొనేవాళ్లకు అది మేలే. అతికేవాడికి కాదు. కాడ్మియం 767 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది, ఆ పొగ ఊపిరితిత్తులకు, మూత్రపిండాలకు విషం. మన మెడలో స్వచ్ఛత కోసం ఒకడు గాలి ఆడని గదిలో ఆ పొగ పీల్చాడు. ఇప్పుడు ప్రమాణాలు దాన్ని ఒప్పుకోవు. జింకు వంటి ఇతర లోహాలు కలిపిన టంకాలు వచ్చాయి, పెద్ద దుకాణాల్లో లేజరుతో అతుకుతున్నారు. వాటికి అయ్యే ఖర్చు ఎవరో ఒకరు భరించాలి కదా.

2021 జూన్ 16 నుంచి మొదట 256 జిల్లాల్లో స్వచ్ఛతను ధ్రువీకరించే హాల్‌మార్కు తప్పనిసరైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య లేని నగ అమ్మకూడదన్నారు. అదే కాలంలో చిన్న కంసాలి బల్ల మీదికి కూడా మిల్లీగ్రాముల దాకా చూపే తూకం యంత్రం వచ్చింది. వినియోగదారుగా నేను ఇవి రావాలనే కోరుకున్నాను, వచ్చినందుకు సంతోషించాను. కానీ వీటితో రజను ఆదాయం, టంకం వెసులుబాటు రెండూ తుడిచిపెట్టుకుపోయాయి. పైగా ధర చూడండి. 2000 సంవత్సరం ప్రాంతంలో పది గ్రాముల మేలిమి బంగారం 4,400 రూపాయల దగ్గర ఉండేది. 2025 ఏప్రిల్‌లో మొదటిసారి లక్షను తాకింది. వంద మిల్లీగ్రాములు అటూ ఇటూ అయితే అప్పుడు నలభై నాలుగు రూపాయల మాట. లక్ష ధర దగ్గర అది వెయ్యి రూపాయలు. అప్పట్లో ఎవరూ పట్టించుకోని నలుసు కోసం ఇప్పుడు పోలీసు స్టేషన్‌కు వెళ్తారు. దాన్ని రోజంతా చేతిలో పట్టుకుని మంట ఊదేవాడి మీద ఎంత బరువు ఉంటుందో ఆలోచించండి. నగ పోయినా, కరిగినా, రాయి పగిలినా అతని నెల సంపాదన సరిపోదు.

ఇక పది నిమిషాల పని అన్న మాటకు వస్తాను. నాకు అన్నింటికంటే ఒళ్లు మండేది దీనికే.

మా అత్తగారిది, మెడలో వేసుకునే కెంపుల అడ్డిగ ఒకటి ఉంది. మధ్య పతకం కింద వేలాడే ముత్యాల వరుస దగ్గర లంకె విరిగింది, పక్కన ఒక కెంపు కదులుతోంది. పెద్ద షోరూముకు తీసుకెళ్తే, “ఇలాంటివి మేము బాగుచేయం మేడమ్, మార్పిడికి ఇచ్చేయండి” అని, మాట పూర్తయ్యేలోపే కొత్త నగల పళ్లెం ముందుకు జరిపారు. తర్వాత ఒకరు చెబితే తెనాలిలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అందరూ ఆయన్ని ఆచారి గారనే పిలుస్తారు. నగను తిప్పి తిప్పి చూసి, భూతద్దం దించి, “అమ్మా, ఇదివరకు దీన్ని ఎవరో సీసం పెట్టి అతికారు. రేడియోలకు పెడతారే, ఆ సీసం. అది ముందు తీయాలి. దాంతో ఎంత పని పడుతుందో తీస్తే గానీ చెప్పలేను” అన్నారు.

సీసం అంటే అంత భయమెందుకని అడిగితే ఆయన చెప్పింది ఇది. సీసం అంటిన బంగారాన్ని ఎర్రగా కాలిస్తే సీసం బంగారంలోకి ఇంకుతుంది. అది ఇంకిన చోట బంగారం పెళుసుబారుతుంది, చిల్లులు పడుతుంది. అందుకని మంట తగలకముందే గీరి గీరి చివరి నలుసు దాకా తీయాలి. ఆ తర్వాత ముత్యాలన్నీ దారం నుంచి విప్పాలి, ఎందుకంటే ముత్యం మంటకూ ఆగదు, అతికాక నల్లదనం పోవడానికి ముంచే ఆమ్లానికీ ఆగదు. పగడమైనా అంతే. పచ్చ అయితే ఇంకా కష్టం. చాలా పచ్చల్లో సహజంగా ఉండే పగుళ్లు కనిపించకుండా నూనె పట్టిస్తారు, వేడికి నూనె పోయి పగుళ్లు బయటపడతాయి, ఒక్కోసారి రాయే చిట్లుతుంది. ఇక పాత రాళ్ల నగల్లో రాయి వెనక మూసి ఉంటుంది. లోపల మెరుపు కోసం పల్చటి రేకు, దాని కింద లక్క. వేడి తగిలితే లక్క కరుగుతుంది, నీళ్లు దిగితే రేకు నల్లబడి రాయి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. (ఇలాంటి నగలను దయచేసి కుంకుడుకాయ రసంలో నానబెట్టకండి. మన ఇళ్లలో సగం కెంపులు అలాగే కాంతి పోగొట్టుకున్నాయి.)

అందుకని కదిలే కెంపును, దాని పక్కనున్న మరో రెండింటిని ఊడదీశారు. మిగిలిన వాటి చుట్టూ తడి మట్టి పట్టించారు. విరిగిన లంకెను కోసి, కొత్త తీగ వంచి, వెలిగారం (బోరాక్స్) నీటిలో అరగదీసి రాసి, గసగసాలంత టంకపు పలుకును శ్రావణంతో (చిన్న పట్టకారుతో) అందుకుని కీలు మీద కూర్చోబెట్టారు. అప్పుడు మంట. ఊదుగొట్టంతో ఊదే మంట ఒక్క సూది మొనంత చోటే తగలాలి. టంకం మెరిసి పారే క్షణం ఉంటుంది. దానికి ముందు ఆపితే అతుకు పడదు, దాటితే పక్కనున్న పాత అతుకులు ఒక్కొక్కటిగా విడిపోతాయి. కొత్త నగ చేసేవాడికి తన లోహమేమిటో, తను వేసిన టంకమేమిటో తెలుసు. బాగుచేసేవాడికి ఏదీ తెలియదు. ముందు చెయ్యి వేసిన వాళ్లెవరో, ఏం కలిపారో మంట పెట్టాకే బయటపడుతుంది. కొత్త చొక్కా కుట్టడం కంటే పాత పట్టుచీరకు కనపడకుండా రఫ్ఫు చేయడం కష్టమన్నట్టే ఇదీ.

ఆ పనికి ఆయన 6,500 తీసుకున్నారు. తీసుకునేటప్పుడు తూచి కాగితం మీద రాసి ఇచ్చారు, ఇచ్చేటప్పుడు మళ్లీ తూచి చూపించారు. గీరిన సీసాన్ని పొట్లం కట్టి, “మీదేనమ్మా, పారేసుకోండి” అని చేతిలో పెట్టారు. మా ఇంట్లో ఈ 6,500 మీద కూడా చర్చ జరిగింది. ఆ అడ్డిగ విలువతో పోలిస్తే ఆ మొత్తం ఎంతో ఎవరూ లెక్క వేయలేదు.

నగలు ఇప్పుడు ఎక్కువగా ఎందుకు విరుగుతున్నాయన్నది మరో సంగతి. దీనికి కంసాలి కారణం కాదు, ధరే కారణం. బంగారం మండిపోతున్న కొద్దీ అదే చూపుకు తక్కువ బరువు కావాలని మనమే అడిగాం. పరిశ్రమ ఇచ్చింది. లోపల గుల్లగా, కాగితం మందాన, అచ్చులో నొక్కి చేసిన గాజులు, గొలుసులు వచ్చాయి. మా అమ్మ గాజులు పిల్లల చేతుల్లో పడి సొట్టలు పోతే ఒక సుత్తి దెబ్బతో సరయ్యేవి. ఇప్పటి గుల్ల గాజు సొట్టపోతే సుత్తి పెడితే చిరుగుతుంది, మంట పెడితే గోడ కరిగిపోతుంది. ఇలాంటి వాటిని అతకడానికి ఇంకా మంచి చెయ్యి కావాలి. మనం నగను పల్చన చేసుకున్నాం, చేతులనూ పల్చన చేసుకున్నాం.

చేతులు ఏమయ్యాయో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. చైనా యుద్ధం తర్వాత 1963 జనవరిలో, మొరార్జీ దేశాయి ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు, బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 14 క్యారెట్లకు మించి కొత్త నగలు చేయకూడదన్నారు. 22 క్యారెట్లు తప్ప ముట్టని దేశంలో ఆ మాటకు అర్థం కంసాలి బల్ల మూసేయమనే. దేశమంతటా స్వర్ణకారులు రోడ్డెక్కారు, ఆత్మహత్యలు జరిగాయి. స్వచ్ఛత మీద పరిమితిని కొన్నేళ్లకు సడలించినా 1968లో చట్టం వచ్చింది. లైసెన్సులు, లెక్కల పుస్తకాలు, తనిఖీలు 1990లో ఆ చట్టం రద్దయ్యేదాకా సాగాయి. దాదాపు ఒక తరం. “నా కొడుకు ఈ పొయ్యి ముందు కూర్చోకూడదు” అని కంసాలుల ఇళ్లలో నిర్ణయాలు అప్పుడే మొదలయ్యాయని నా నమ్మకం.

చట్టం పోయాక షోరూములు వచ్చాయి. పోత పోసే యంత్రాలు, ఇటలీ నుంచి గొలుసులు అల్లే యంత్రాలు, ఇప్పుడు కంప్యూటరులో గీసి మైనంలో అచ్చు తీసే పద్ధతులు. యంత్రాలంటే నాకు కోపం లేదు, అవి అందరికీ అందుబాటులోకి తెచ్చిన అందాలు చాలా ఉన్నాయి. కాకపోతే యంత్రం చేయగలదు గానీ బాగుచేయలేదు. చేసే పని యంత్రానికి పోగా, ఊళ్లో కంసాలికి మిగిలింది బాగుచేసే పనే. దాని మీద కుటుంబం గడవదు. పనితనం ఉన్న కుర్రాళ్లు కొందరు బ్యాంకులకు విలువ కట్టేవాళ్లుగా వచ్చారు. నా బల్ల పక్కన కూర్చున్నవాళ్లు వాళ్లే. రుణానికి ఇంత అని కమీషను, జీతం లేదు. తండ్రి దగ్గర తీగ పని, రాళ్లు పొదగడం నేర్చుకున్న మనిషి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరాయివాళ్ల నగలను గీటురాయి మీద గీసి ఆమ్లం చుక్క వేసి చూస్తూ కూర్చుంటాడు. ఒకసారి ఒకతన్ని, ఇంట్లో పని చేస్తావా అని అడిగాను. “చేస్తే ఎవరిస్తారమ్మా? ఇక్కడైతే నెలాఖరుకు ఎంతో కొంత కచ్చితం” అన్నాడు. గీసినందుకు కచ్చితంగా డబ్బు వస్తుంది, చేసినందుకు రాదు. ఇంతకంటే సూటిగా ఈ వృత్తి పతనాన్ని ఎవరూ చెప్పలేరు.

పెద్ద ఊళ్లలో ఖాళీ అయిన పీటల మీదికి బెంగాలు నుంచి వచ్చారు. హైదరాబాద్ చార్‌కమాన్ చుట్టుపక్కల సందుల్లో పైఅంతస్తుల గదుల్లోకి తొంగి చూస్తే పశ్చిమ మేదినీపూర్ జిల్లా ఘాటాల్, దాస్‌పూర్ ప్రాంతాల కుర్రాళ్లు వరుసగా కూర్చుని కనిపిస్తారు. సూరత్‌లో, ముంబయి జవేరీ బజారులో కూడా వాళ్లే. 2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు వాళ్లు సొంత ఊళ్లకు వెళ్లిపోతే, మన బంగారు బజార్లు ఎవరి వేళ్ల మీద నడుస్తున్నాయో అప్పుడు తెలిసింది. వాళ్ల కూలి కూడా పెరుగుతోంది. పెరగాలి కూడా. ఆ గదుల్లోనే వండుకుని, అక్కడే పడుకుని, ముప్పై ఏళ్లకే కళ్లజోళ్లు పెట్టుకుంటున్న వాళ్లు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనను. 2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ పథకంలో 18 వృత్తుల్లో స్వర్ణకారులనూ చేర్చారు. పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ రోజుల్లో రోజుకు 500 భత్యం, తక్కువ వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల రుణం. పనిముట్లు మంచివే. కానీ ఈ పని కొద్ది రోజుల శిక్షణతో వచ్చేది కాదు. కరీంనగర్ వెండి తీగ పనికి భౌగోళిక గుర్తింపు ఇచ్చి మురిసిపోతాం. వెంట్రుకంత తీగను వంచే ఆ చెయ్యి తయారవడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో కుర్రాడికి అన్నం ఎవరు పెట్టాలన్న ప్రశ్న దగ్గర అందరూ మౌనం వహిస్తారు. వెనకటికి తండ్రి పెట్టేవాడు. తండ్రికి ఇప్పుడు తన అన్నమే కష్టంగా ఉంది.

ఇక లెక్కలోకి వస్తాను. బ్యాంకు మనిషిని, అంకెలు లేకుండా నాకు వాదన పూర్తయినట్టు ఉండదు. సులువుగా ఉండటానికి 22 క్యారెట్ల బంగారం గ్రాము 10,000 అనుకుందాం. ఇరవై గ్రాముల పాత గొలుసు తెగింది. షోరూము సలహా ప్రకారం మార్పిడికి ఇచ్చి అదే బరువున్న కొత్త గొలుసు తీసుకున్నారు. తరుగు 12 శాతం అంటే 24,000. బంగారం విలువతో కలిపి 2,24,000. దాని మీద 3 శాతం జీఎస్టీ 6,720. మొత్తం 2,30,720. మీ పాత గొలుసుకు పైసా తగ్గించకుండా రెండు లక్షల విలువ కట్టినా, చేతి నుంచి 30,720 పడుతుంది. మీ మెడలో అప్పుడూ ఇరవై గ్రాములే, ఇప్పుడూ ఇరవై గ్రాములే. పాత గొలుసు పరీక్షలో 91.6 బదులు 88 శాతం తేలితే మరో 7,900 దాకా పోతుంది. ఇదే గొలుసును అతికించుకుంటే పదిహేను వందలయ్యేది. పదిహేను వందలకు నోరు చేసుకున్న మనిషి ముప్పై వేలకు నవ్వుతూ కార్డు గీకుతాడు, ఎందుకంటే రెండోది బిల్లులో శాతంగా ఉంది, మొదటిది రూపాయలుగా ఉంది.

ఆ శాతంలోనే అసలు కిటుకు. 2000లో ఇదే ఇరవై గ్రాముల గొలుసుకు ఇదే 12 శాతం తరుగు వెయ్యి రూపాయల లోపే అయ్యేది. పై లెక్కలో 24,000. గొలుసు అల్లే పని మారలేదు. మారిందల్లా, అప్పుడు మనిషి అల్లినది ఇప్పుడు యంత్రం అల్లుతోంది. పని తేలికైంది, కూలి పాతిక రెట్లు పెరిగింది, ఎవరూ కిక్కురుమనలేదు. ఇటు కొక్కెం అతికే కంసాలి నాకు గుర్తున్నంతలో ఆ రోజుల్లో ముప్పై రూపాయలు తీసుకునేవాడు, ఇప్పుడు ఆరు వందలు. అంటే బంగారం పెరిగినంత కూడా అతని కూలి పెరగలేదు. అతని నోటి నుంచి ఆ అంకె వచ్చేసరికి మాత్రం అది దోపిడీ.

అయితే ధర పెరగడం అందరికీ ఒకటే కాదని ఒప్పుకుంటాను. రెండు గ్రాముల దుద్దులు తప్ప వేరే బంగారం లేని ఆమెకు నాలుగు వందలు రెండు రోజుల కూలి కావచ్చు. శీల పోయిన దుద్దును ఆమె కొంగుముడిలో కట్టుకుని తిరుగుతుంది, ఒక రోజు ఆ ముడీ జారిపోతుంది. అలాంటివాళ్ల దగ్గర చాలామంది కంసాలులు ఇప్పటికీ ఇచ్చినంతే తీసుకుంటారు. ఆ దయకు ఖర్చు ఎక్కడో ఒకచోట రాబట్టుకోక తప్పదు, అది నాలాంటివాళ్ల దగ్గర రాబట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు.

మోసగాళ్లు లేరా? ఉన్నారు. రాళ్లు మార్చేవాళ్లను, తక్కువ రకం బంగారంతో లంకె వేసేవాళ్లను నా బల్ల మీదే చూశాను. దానికి మందు బేరం కాదు. బేరమాడితే మోసం పెరుగుతుంది, పాత కథే మళ్లీ మొదలవుతుంది. ఇచ్చేటప్పుడు తూకం కాగితం మీద రాయించుకోండి, ఫోనుతో రెండు వైపులా ఫోటో తీసుకోండి, రాళ్లు ఎన్నున్నాయో లెక్క వేయించండి, ఏ టంకం వాడతారో అడగండి. తీసుకునేటప్పుడు మళ్లీ తూయించండి. అడిగిన కూలి ఇవ్వండి. ఇవన్నీ అడిగితే మంచి పనివాడు నొచ్చుకోడు. నేను చూసినంతలో ముందు తూకం వేద్దామనేది వాళ్లే.

అమెరికాలో ఉన్న మా మేనకోడలు తన నగల మరమ్మతులన్నీ సూట్‌కేసులో పెట్టి రెండేళ్లకోసారి తెనాలికి పంపుతుంది. అక్కడ ఎక్కువగా నడిచేది 14 క్యారెట్ల బంగారం. మన 22 క్యారెట్ల పసుపు రంగుకు సరిపడే టంకం చాలా దుకాణాల్లో ఉండదట, ఉన్నచోట గంటల లెక్కన కూలి. అక్కడ బల్ల ముందు కూర్చున్నవాడి గంటకు ధర ఉందని ఆమెకు తెలుసు కాబట్టి, ఇక్కడ ఆచారి గారు అడిగినదానికి ఎప్పుడూ మారు మాట్లాడదు. మనం మాట్లాడతాం. ఆయన గంటకు ధర లేదని మన లెక్క.

కాబట్టి గొడవపడాలంటే సరైన చోట పడదాం. తరుగు అని రాసిన ఆ శాతంలో యంత్రానికి ఎంత, దుకాణం అద్దెకు, ప్రకటనల్లో కనిపించే తారకు ఎంత, పని చేసిన మనిషికి ఎంత అని షోరూములను అడుగుదాం. బాగుచేయం, మార్చుకోండి అని చెప్పే ప్రతి పెద్ద దుకాణం తను అమ్మిన నగకు జీవితాంతం మరమ్మతు చేయాలని, అందుకు తన కప్పు కిందే ఒక బల్ల వేయాలని, ఆ బల్ల దగ్గర పెద్ద పనివాడికి, అతని పక్కన నేర్చుకునే ఇద్దరు కుర్రాళ్లకు నెల జీతం ఇవ్వాలని అడుగుదాం. ఒక్క గొలుసు మీద 24,000 తరుగు తీసుకునేవాళ్లకు ఇద్దరు కుర్రాళ్ల జీతం ఎన్ని గొలుసుల పని?